ఆ ఆదివారం వండని బోడకాకర

మొన్న శనివారం వంటింట్లో బోడకాకరకాయలు కడుగుతున్నాను. మా ఆయన గుమ్మంలో నిలబడి, ముందు గదిలో బొమ్మలు వేసుకుంటున్న పాపకు వినపడకుండా గొంతు తగ్గించి, "ఇప్పుడే చెప్పకు. ఈ రెండు రోజులూ దానికి ఇష్టమైనవన్నీ వండి పెట్టు. సోమవారం పొద్దున బయల్దేరేటప్పుడు చెబుదాం" అన్నారు.

నాకు అడవి లోపలి మండలానికి బదిలీ అయింది. ఆయన ఉద్యోగం ఎప్పుడూ తిరుగుడే. ఈ ఏడాదికి పాపను మా అత్తగారి దగ్గర ఉంచి చదివిద్దామని ఇద్దరం కలిసే అనుకున్నాం. అందులో తేడా లేదు. తేడా వచ్చింది ఈ వండి పెట్టడం దగ్గరే. ఆయన మంచి మనసుతోనే అన్నారు. మంచి మనసుతో పెట్టే ఆ రెండు రోజుల తిండి ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. నేను తిన్నదాన్ని.

మా ఊరు జూలూరుపాడు దాటి లోపలికి పోతే, పత్తి చేలు అయిపోయి టేకు చెట్లు మొదలయ్యే చోట ఉండేది. ఊరు ఇప్పటికీ ఉంది, నేను చెప్పే ఊరు మాత్రం లేదు. అప్పట్లో మా పెరటి దడి దాటితే అడవే. ఇప్పుడు అక్కడ సిమెంటు గోడ, గోడ అవతల వరసగా జామాయిల్ చెట్లు. వానాకాలంలో మా ఇంటికి ఒక వాసన ఉండేది. తడి కట్టెల పొగ, దండెం మీద ఆరక ముక్కిన బట్టలు, చూరు కింద కట్టిన మేకపిల్ల, వీటన్నిటి మీదుగా నాయనమ్మ వేసే ఉల్లిగడ్డ తాలింపు. బడి నుంచి వస్తూ వీధి మలుపులోనే ఏం వండిందో చెప్పేసేదాన్ని. పందెం కాసి మరీ చెప్పేదాన్ని.

నేను అమ్మ కూతురినని చెప్పుకోవడమే గానీ, పెరిగింది నాయనమ్మ కొంగు పట్టుకునే. అమ్మ, నాన్న పొద్దున్నే చేనుకు పోతే చీకటి పడేవేళకు వచ్చేవాళ్ళు. నాకు జడ వేసేది నాయనమ్మ, ముద్దలు కలిపి పెట్టేది నాయనమ్మ, నేను చేసిన వెధవ పనులను నాన్న దాకా పోనివ్వకుండా దాచేది నాయనమ్మ. పక్కింటి వాళ్ళ గుమ్మడి పిందెలు తెంపి బొమ్మల పెళ్లి చేస్తే, కోతులు తెంపాయని వాళ్ళ ముందు నిలబడి చెప్పింది. ఆమె నోట అబద్ధం అంత సులువుగా వస్తుందని నాకు అప్పుడే తెలియాల్సింది. అది నా వైపు అబద్ధం కాబట్టి ముచ్చటగా అనిపించింది.

నా ఊరి బడి చదువు ముగిసే ఏడు, ఎండాకాలానికి ముందు నాన్న నన్ను కొత్తగూడెం తీసుకుపోయి ఏదో పరీక్ష రాయించాడు. పరీక్ష అయ్యాక మిరపకాయ బజ్జీలు కొనిపెడతానన్నాడు. నేను బజ్జీల కోసమే రాశాను. తొలకరి పడ్డాక, కిరాణా కొట్టు ముందు వేలాడే కాయిన్ ఫోన్‌కు కబురొచ్చింది. గోదావరి అవతల హాస్టల్ బడిలో నాకు సీటు వచ్చిందట. నాన్న ఊళ్ళో అందరికీ చెప్పుకుని మురిసిపోయాడు. నేను వడ్ల గుమ్మి వెనక దూరి, అన్నానికి పిలిచినా రాలేదు.

నాయనమ్మ వచ్చి గుమ్మి పక్కనే చతికిలబడింది. "ఏంది బిడ్డా, గింత దానికే గట్ల ఏడుస్తరా? బయటికి రా."

"నన్ను పంపిస్తరు."

"ఎవలు పంపేది? నేను లేనా?" అని చెయ్యి లోపలికి చాచి నా తల మీద పెట్టింది. "నీ మీద ఒట్టు. నేనుండంగ నిన్నెవ్వలు ఈ గడప దాటియ్యరు. ఇగ రా, అన్నం సల్లారిపోతంది."

మా వైపు తల మీద చెయ్యి పెట్టి వేసిన ఒట్టంటే ఆషామాషీ కాదు. అది తప్పితే ఆ తలకే చేటు. ఈ సంగతి పిల్లలందరికీ తెలుసు. అందుకే పెద్దవాళ్ళు అంత తొందరగా వెయ్యరు. నాయనమ్మ వేసింది. ఇక నాకేం భయం? ఆ పూట రెండు సార్లు అడిగి మరీ అన్నం తిన్నాను. హాస్టల్ మాట మళ్ళీ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు, నేనూ మరిచిపోయాను.

తర్వాత సంతరోజు నాన్న నన్ను దర్జీ చాచా దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన కుట్టుమిషన్ సంత మొదట్లో, రేకుల కింద ఉండేది. నాన్న, "రెండు జతలు కుట్టు చాచా. కొంచెం లూజు పెట్టు, ఎదిగే పిల్ల" అన్నాడు. చాచా నా భుజం కొలిచి, టేపు మెడలో వేసుకుని, నా తల నిమిరి, "మంచిగ చదువుకో బేటీ, ఏడవొద్దు" అన్నాడు. నేనెందుకు ఏడుస్తాను? కొత్త బట్టలు కుట్టించుకునే వాళ్ళు ఏడుస్తారా? ఈ ముసలాయనకు మతి తప్పినట్టుంది అనుకుని దారంతా నవ్వుకున్నాను.

ఆ వారాంతం శనివారం పొద్దున్నే మొదలైంది. అడవి పల్లె నుంచి వారం వారం ఒక కోయ ఆమె వచ్చేది. నాయనమ్మ ఆమెను చెల్లె అని పిలిచేది. ఆ రోజు ఆమె టేకాకుల పొట్లాల్లో పుట్టగొడుగులు తెచ్చింది. మామూలుగా అయితే ఆ ఇద్దరి బేరం కాకులు కూడా విసుగొచ్చి ఎగిరిపోయేదాకా సాగేది. ఆ రోజు నాయనమ్మ బేరమే ఆడకుండా పొట్లాలన్నీ తీసుకుంది. ఆమె నా వైపు చూసి, "ఈ పిల్లేనా అక్కా..." అని ఏదో అనబోతే, నాయనమ్మ "ఊకో చెల్లె" అని కళ్ళతోనే ఆపేసింది. నాకు పుట్టగొడుగుల మీదే ధ్యాస.

శనివారం మా ఇంట్లో నీసు వండరు. పుట్టగొడుగులు నీసు కాదని నాయనమ్మ ఎప్పుడో తీర్పు చెప్పేసింది, ఎందుకంటే ఆమెకు అవంటే ప్రాణం. పొయ్యి దగ్గరికి అమ్మ పోతే, "నువ్వు జరుగు. ఈ రెండొద్దులు పొయ్యి నాది" అంది. అమ్మ ఓ మూలన కూర్చుని ఉల్లిగడ్డలు తరిగింది. తరుగుతూ తరుగుతూ ముక్కు చీదుకుంటోంది.

"ఉల్లిగడ్డలకు గింతగనం ఏడుస్తరా అమ్మా?" అని ఎగతాళి చేశాను. నాయనమ్మ గభాలున నా నోట్లో ఒక బెల్లం ముక్క పెట్టింది.

పుట్టగొడుగుల కూర, జొన్న రొట్టె. రొట్టె నిప్పుల మీద కాలి పొంగుతుంటే ఆ ఆవిరి వాసనకే ఆకలి రెట్టింపయ్యేది. అది తిని చెయ్యి కడుక్కున్నానో లేదో, నాయనమ్మ అరిసెల పాకం పెట్టింది. పక్కనే అమ్మ రాత్రి నానబెట్టి ఆరబోసిన బియ్యం దంచుతోంది. రోలు చప్పుడు వింటూ నాకు ఆశ్చర్యం.

"పండుగ గాదు, పబ్బం గాదు. అరిసెలెందుకు నాయనమ్మా?"

"పండుగైతేనే తినాల్నా? నా మనవరాలికి జేసుకుంటున్న. ఎవలన్న అడ్డమొచ్చిన్రా?"

నన్ను గెంటుతూనే ఉంది, నేను పాకంలో వేలు పెడుతూనే ఉన్నాను. వేలు కాలింది, నోట్లో పెట్టుకున్నాను, నోరూ కాలింది. సాయంత్రానికి మురుకులు కూడా వండింది. విరిగినవన్నీ నాకే, కాబట్టి కొన్ని కావాలనే విరిచాను. తీరా చూస్తే, మంచివన్నీ స్టీలు డబ్బాలో సర్ది, మూత బిగించి, తన పాత చీర ముక్కతో మూట కట్టి అటక మీదికెక్కించింది. "నెమ్మదిగ తినొచ్చు తీయ్" అంది. నిచ్చెన ఎప్పుడు దొరుకుతుందా అని నేను అప్పుడే పథకం వేసుకున్నాను.

ఆదివారం కుంకుడు రసంతో తలకు పోసింది. కళ్ళు మండి నేను గంతులేస్తుంటే ఎప్పటిలా వీపు మీద ఒక్కటి వెయ్యలేదు. నెమ్మదిగా తుడిచింది. తుడిచాక కుడిచెయ్యి నా తల మీద ఆనించి, ఏదో గొణిగి, ఆ చేతిని పిడికిలి పట్టుకుని దడి దాకా నడిచి, అవతలికి విసిరేసి వచ్చింది.

"దిష్టి తీసినవా?" అన్నాను.

"ఊఁ" అంది.

ఆ దడి మీదే మా బోడకాకర తీగ ఉండేది. ఎవరూ నాటింది కాదు, అడవిలోంచి తనంతట తనే వచ్చింది. ఏటా తొలి వానలకు గడ్డ నుంచి లేచి దడంతా పాకేది. తొలి కాపు కాయలు ముదరకముందే నాయనమ్మ చీరి, లోపల వెల్లుల్లి కారం కూరి, నూనెలో మగ్గబెట్టేది. అది ఉంటే నాకు కోడి కూర కూడా అక్కర్లేదు. అందుకే జుట్టు ఆరకముందే పోయి, ముళ్ళు గీరుకున్నా లెక్క చెయ్యక, గౌను నిండా కాయలు తెంపుకొచ్చి ఆమె ముందు పోశాను.

వాటిని చూసి ఆమె మొహం మాడిపోయింది. "ఇయ్యాల వద్దు బిడ్డా."

"ఎందుకు వద్దు?"

"వద్దంటే వద్దు. మల్ల జేస్త."

"నాకియ్యాలే కావాలె."

"కాకర జాతి ఇయ్యాల ఈ పొయ్యి మీద ఎక్కది. జిద్దు జెయ్యకు."

నాయనమ్మ నాకు తిండి విషయంలో కాదు అనడం అదే మొదలు. చచ్చేంత కోపమొచ్చింది. కాయలు గంపలో పడేసి అలిగి కూర్చున్నాను. కానీ పొయ్యి మీద నాటుకోడి ఉడుకుతోంది. పక్కన బగారన్నం, మూకుట్లో గారెలు. ఆ వాసనల మధ్య ఎవరి అలకైనా ఎంతసేపు నిలుస్తుంది? నాయనమ్మ పెద్ద పెద్ద ముద్దలు చేసి నోట్లో పెట్టింది. గారె తుంచి పులుసులో నానబెట్టి పెట్టింది. కార్జం ముక్క, ఎప్పుడూ నాన్న కంచంలో పడేది, ఆ రోజు నాకే వచ్చింది.

"నువ్వు తినవా నాయనమ్మా?"

"నువ్వు తింటుంటే నా కడుపు నిండుతంది తల్లీ."

నాన్న గోడకానుకుని చూస్తున్నాడు. అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. నేను నమలడం తప్ప లోకంలో చూడదగ్గది మరేదీ లేనట్టు ముగ్గురూ చూశారు. నాకేమో మహారాణిలా ఉంది. ఆ రెండు రోజులూ నా అంత సంతోషంగా ఉన్న పిల్ల మా మండలం మొత్తంలో ఉండి ఉండదు. ఇప్పటికీ నా ఒళ్ళు మండేది దానికే.

సోమవారం తెల్లవారుతూనే కొత్త జత వేశారు. నాయనమ్మ గిన్నెలో పెరుగన్నం, పైన చక్కెర చల్లి తెచ్చింది. పొద్దున్నే పెరుగన్నం పెడితే మా ఇంట్లో ఎవరో ఊరికి పోతున్నారని అర్థం.

"ఎవరు పోతున్నరు?" అన్నాను.

"మనమే" అన్నాడు నాన్న. "భద్రాచలం పోయి రాములవారి దర్శనం జేసుకొని వద్దాం. జల్దీ తిను, బస్సు పోతది."

నేను గంతేశాను. నాయనమ్మను కూడా రమ్మన్నాను. మోకాళ్ళు నొస్తున్నాయంది. అమ్మను రమ్మంటే చేనులో పనుందంది. వీధి దాటుతుంటే వెనక నుంచి నాయనమ్మ గొంతు వినపడింది, "ఆ చీపురు పక్కకు పెట్టు పిల్లా, పోయినోళ్ళు ఇంక ఊరన్న దాటలే" అని అమ్మను కసురుతోంది. వెనక్కి తిరిగి చెయ్యి ఊపాను. వాళ్ళు ఊపలేదు.

బస్సు మీద గోనెసంచిలో చుట్టిన పెట్టె ఒకటి ఎక్కించారు. ఎవరిదంటే, "భద్రాచలంల ఒకలకియ్యాలె" అన్నాడు నాన్న. దర్శనం చేసుకున్నాం, పులిహోర ప్రసాదం తిన్నాం. గోదావరి ఎర్రగా, ఒడ్డు తోసుకుంటూ పోతోంది. తర్వాత ఆటో ఎక్కాం, పెట్టె కూడా మాతోనే వచ్చింది. చాలాసేపటికి ఒక పెద్ద గేటు ముందు దిగాం. వరండాలో ఒకావిడ గోనెసంచి విప్పించి, రేకుపెట్టె మూత తెరిచింది. లోపల కంచం, గ్లాసు, దుప్పటి. వాటి పక్కన నాయనమ్మ పాత చీర ముక్కలో కట్టిన స్టీలు డబ్బా.

ఆ మూట చూశాక ఇంకెవరూ నాకేమీ చెప్పనక్కర్లేకపోయింది. అరిసెలు ఎందుకో తెలిసింది. చాచా ఎందుకు ఏడవొద్దన్నాడో, కోయ ఆమె నోరు ఎందుకు మూయించారో, అమ్మకు ఉల్లిగడ్డలు ఎందుకంత మండాయో తెలిసింది. కాకర పొయ్యి మీద ఎందుకెక్కలేదో కూడా తెలిసింది. ఊరికి పోయేవాళ్ళకు చేదు పెట్టకూడదు. చేదు పేరున్న కాయైనా సరే. ఆడపిల్లలు అత్తారింటికి పోయేటప్పుడు నాయనమ్మ ఊళ్ళో అందరికీ చెప్పే మాటే అది. దర్జీకి తెలుసు, అడవి పల్లె ఆమెకు తెలుసు, అటక మీది డబ్బాకు కూడా తెలుసు. తెలియనిదాన్ని నేనొక్కదాన్నే.

"ఆటో ఆయనతోని మాట్లాడి ఇప్పుడే వస్త" అన్నాడు నాన్న. గేటు దాకా ఆయన వీపు కనపడింది. తర్వాత అదీ కనపడలేదు.

నేను ఆ వరండాలో, ముక్కూ మొహం తెలియని పిల్లల మధ్య నిలబడి ఏడ్చాను. ఎంతసేపు ఏడ్చినా ఎవరూ బిడ్డా అనలేదు. ఒక అమ్మాయి మాత్రం దగ్గరికొచ్చి, "కొత్తదానివా? డబ్బల ఏమున్నయి?" అని అడిగింది. మూట మూటంతా ఆమె చేతిలో పెట్టేశాను. అరిసెలు, మురుకులు ఆ పూటే అయిపోయాయి. చాలా బాగున్నాయట. నేను ఒక్కటీ నోట్లో పెట్టలేదు.

ఇంటి మీద బెంగ ఒక ఎత్తు, ఒట్టు భయం ఇంకో ఎత్తు. నా తల మీద వేసిన ఒట్టు తప్పింది కదా, ఇక నాకేదో అవుతుందని ఎదురు చూశాను. వానలకు జ్వరమొచ్చింది. అంతే, అయిపోయింది అనుకున్నాను. మందు ఇచ్చిన నర్సమ్మకు చెబుదామంటే నోరు రాలేదు. చెబితే నాయనమ్మను తిడుతుందేమో అని. నన్ను చంపబోతున్న ఒట్టు వేసింది ఆమే, ఆమెను ఎవరైనా ఏమైనా అంటారేమో అని భయపడిందీ నేనే.

దసరా సెలవులకు నాన్న వచ్చి తీసుకుపోయాడు. ఇంట్లో అడుగు పెట్టగానే నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కుపోయింది. "చూడు, ఒక్కలను తెంపనీయలే. అన్ని నీకోసమే ఉంచిన" అని దడి చూపించింది. తీగ మీద కాయలు నిండుగానే ఉన్నాయి. ముదిరి, పండి, ఎర్రగా పగిలి, గింజలు బయటపెట్టుకుని వేలాడుతున్నాయి. కూరకు ఒక్కటీ పనికిరాదు. ఆ సంగతి నాకంటే ఆమెకే బాగా తెలుసు. అయినా తెంపలేదు.

నేను చెయ్యి విడిపించుకున్నాను. "నా మీద ఒట్టేసినవ్. నాకు జ్వరమొచ్చింది. నేను సచ్చిపోతనేమో అనుకున్న."

ఆమె అదిరిపడి నా నోరు మూసింది. "అట్లనకు బిడ్డా. నీకేం కాదు. ఆ ఒట్టు నేను తీసేసిన. ఆదివారం నీకు తలకు పోసినప్పుడే తీసి, ఈ దడి అవతల పారేసిన. నీకు తగలనిస్తనా?"

దిష్టి అనుకున్నాను. ఆమె ఊఁ అంది.

నాకు అన్నిటికంటే ఎక్కువ తగిలింది ఆ మాటే. ఏదో నాన్న బలవంతం మీద ఆఖరు నిమిషంలో మాట తప్పి ఉంటుందని, అక్కడ హాస్టల్లో ఆమె తరఫున నేనే సర్ది చెప్పుకున్నాను. కాదు. ఒట్టు తియ్యడం, తల తుడవడం, కోడి కొయ్యడం, అన్నీ వరసగా, ఒక్కటీ మరిచిపోకుండా చేసింది. చేదు తగలకూడదని చూసుకుంది, చేటు తగలకూడదని చూసుకుంది. నాకు ఒక్క మాట చెప్పడం తప్ప అన్నీ చూసుకుంది.

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు తినేదానివా?" అంది. కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చింది. "ఆ రెండొద్దులు నువ్వు కడుపునిండ తింటుంటే చూడాలనుకున్న బిడ్డా. చెప్తే ఒక్క ముద్దన్న ముట్టేదానివా?"

ముట్టేదాన్ని కాదు. అది నిజమే. కానీ ఆకలి ఎవరిది, తిండి ఎవరికి? నేను తింటున్నాననుకున్నాను, ఆమె తన కళ్ళకు పెట్టుకుంది. ఇంత మాట అప్పుడు నాకు అనడం రాదు. లోపలికి పోయి గుమ్మి వెనక కూర్చున్నాను. ఈసారి ఆమె వచ్చి పక్కన చతికిలబడింది గానీ, లోపలికి చెయ్యి చాచలేదు.

ఆ బడి లేకపోతే ఈ ఉద్యోగం లేదు, ఈ ఇల్లు లేదు. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నా కోపం బడి మీద కాదు. తర్వాత ఎన్నో ఏళ్ళు నాయనమ్మ వండినవన్నీ తిన్నాను. సెలవులయ్యి తిరిగి పోయే రోజు మాత్రం పెరుగన్నం గిన్నె ముట్టేదాన్ని కాదు. ఆమె బతిమాలేది కూడా కాదు, మూత పెట్టి పక్కన ఉంచేది. ఆమె పోయింది. మా మధ్య ఆ ముచ్చట మళ్ళీ రానేలేదు. ఈనాటికీ ఎవరైనా నాకోసం ప్రత్యేకంగా ఏదైనా వండారంటే, నా చెయ్యి కంచంలోకి పోకముందే నోరు అడిగేస్తుంది, "ఏంది విషయం?" అని. మా అత్తగారు దీనికి ఎన్నిసార్లు నొచ్చుకున్నారో.

మొన్న బోడకాకరకాయలు గిన్నెలో వదిలేసి, చేతులు తుడుచుకుని పాపను పిలిచాను. ఆయన వద్దు వద్దని సైగ చేస్తూనే ఉన్నారు. మంచం మీద కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. సోమవారం నిన్ను నానమ్మ దగ్గర వదిలి నేను పోతాను, శనివారాలు వస్తాను, రాలేని వారం ముందే చెబుతాను అన్నాను.

"ఒట్టు?" అంది.

"ఒట్టు వెయ్యను. వస్తానని చెబుతున్నా, అంతే."

పెన్సిళ్ళు విసిరేసింది. నన్ను తిట్టింది. గదిలోకి పోయి, తలుపు దడేలున వేసి, వెక్కి వెక్కి ఏడ్చింది. కూర వండాను. రాత్రికి పాప దాన్ని ముట్టలేదు.

"చూశావా? రెండు రోజులు హాయిగా ఉండేది. పాడు చేశావు" అన్నారు మా ఆయన.

"ఏడవనీయండి" అన్నాను. "తన ఇంట్లో, తన మంచం మీద ఏడుస్తోంది."